పక్షిశాస్త్రవేత్త డాక్టర్ సలీం అలీ

విజయనగరం నుండి శ్రీకాకుళం పోయే దారిలో తాటిచెట్లకు, ఈతచెట్లకు వ్రేలాడే గిజిగాని గూళ్లను చూడనివారు మన విద్యార్థులలో ఉండరు. గుఱ్ఱం జాషువ గిజిగానిపై వ్రాసిన పద్యాలను తరగతిలో చెప్పేటప్పుడు ఆ గూటి అల్లికను మేమూ ఎన్నోసార్లు మెచ్చుకొన్నాము. కాని ఆ గూళ్లలో కొన్ని ఎందుకు సగంలోనే ఆగిపోతాయో మేమెన్నడూ ఆలోచించలేదు. ఆ విషయమై నెలల తరబడి చెట్టు ప్రక్కనే కూర్చుండి పరిశీలించిన మహనీయుడు డాక్టర్ సలీం అలీ.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో ఒక బోహ్రా ముస్లిం కుటుంబంలో జన్మించారు. మూడేళ్లు నిండేసరికే తల్లిదండ్రులిద్దరూ గతించగా మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచారు. వేటను ఇష్టపడే ఇల్లు అది. పదేళ్ల ప్రాయంలో సలీం అలీ గుఱ్ఱపుసాలలో గూడు కట్టిన ఒక మగ పిచ్చుకను తుపాకితో కొట్టాడు. కొద్దిసేపటికే మరొక మగపిచ్చుక వచ్చి ఆడపిచ్చుకకు తోడుగా నిలిచింది. దానినీ కొట్టాడు, ఇంకొకటి వచ్చింది. ఇట్లా వారం రోజులలో ఎనిమిది మగపిచ్చుకలు పోయాయి. క్రూరమైన ఆటే, కాదనలేము. అయితే ఆ పిల్లవాడు చూచినదంతా కాగితంపై వ్రాసి పెట్టుకొన్నాడు. ఆ తరువాత ఒకనాడు కంఠం మీద పసుపు మచ్చ ఉన్న పిచ్చుక చేతికి చిక్కింది. అదేమిటో తెలియక మేనమామ ఆ బాలుని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం కార్యదర్శి మిల్లర్డ్ దొర వద్దకు పంపారు. ఆయన బీరువాలు తెరచి, భద్రపరచిన పక్షుల వరుసలను చూపించాడు. ఆ గదిలోనే సలీం అలీ జీవితం మలుపు తిరిగింది.

చదువులో మాత్రం ఆయన రాణించలేదు. మెట్రిక్యులేషన్ 1913లో గట్టెక్కినా కాలేజీ చదువు నిలువలేదు. బర్మాలో కుటుంబం వారి గనుల, కలప వ్యాపారం చూడబోయి అక్కడ అడవులలో పక్షుల వెంటనే ఎక్కువగా తిరిగారు. 1918లో తెహ్‌మీనా బేగంను వివాహమాడారు. పట్టా లేనందున ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వే శాఖలో పక్షిశాస్త్రజ్ఞుని ఉద్యోగం దక్కలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో సందర్శకులకు వివరించి చెప్పే చిన్న ఉద్యోగం దొరికింది. సెలవుపై బెర్లిన్ వెళ్లి స్ట్రెసిమాన్ అనే మహాపండితుని వద్ద శిక్షణ పొంది 1930లో తిరిగివచ్చేసరికి ఆ ఉద్యోగమూ రద్దయిపోయింది.

భార్యతో కూడా బొంబాయికి ఎదుటి తీరాన గల కిహీం అనే పల్లెకు చేరారు. ఇంటి దగ్గరి చెట్టుపై గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. చేతిలో పని లేదు, వర్షకాలం ముందున్నది. నిచ్చెన వేసుకొని, మరుగు కట్టుకొని రోజుల తరబడి చూస్తూ కూర్చున్నారు. ఆయన గమనించినది ఇది: గూడు అల్లేది మగపక్షి. గూడు సగమయ్యే వేళకు ఆడపక్షులు వచ్చి లోపలికి దూరి పరీక్షిస్తాయి. నచ్చితే ఒకటి అందులో కాపురముంటుంది. అప్పుడు మగపక్షి క్రిందికి వ్రేలాడే గొట్టం వంటి ద్వారాన్ని పూర్తిచేస్తుంది. ఆడది గ్రుడ్లు పెట్టి పొదుగుతుండగా మగది ప్రక్కనే మరొక గూడు ప్రారంభించి మరొక ఆడపక్షిని పిలుస్తుంది. ఎవరికీ నచ్చని గూడు సగంలోనే మిగిలిపోతుంది. ఈ వ్యాసం 1931లో వెలువడగానే విద్వాంసులు ఆయనను గుర్తించారు. నిరుద్యోగి వ్రాసిన వ్యాసమది!

తరువాత జీతం లేకుండా పనిచేస్తాను, మకాముల ఖర్చు మాత్రం భరించండి అని సంస్థానాలను అడిగారు. నిజాం ప్రభుత్వం అంగీకరించగా 1931-32లో దంపతులిద్దరూ హైదరాబాదు సంస్థానంలో డేరాలు వేసుకొని పక్షులను పరిశీలించారు. తెలుగునాట పక్షులకు దొరికిన గొప్ప చిట్టా అది. 1939లో ఒక చిన్న శస్త్రచికిత్స అనంతరం తెహ్‌మీనా మరణించారు. ఆయన మరల వివాహం చేసుకొనలేదు.

1941లో వెలువడిన భారతీయ పక్షుల పుస్తకం ఎందరినో చెట్లవైపు చూడనేర్పింది. రిప్లీతో కలిసి వ్రాసిన పది సంపుటాల గ్రంథం 1968-74 మధ్య వచ్చింది. పద్మభూషణ్, పద్మవిభూషణ్, రాజ్యసభ సభ్యత్వం తరువాతి మాటలు. మాకు మాత్రం 1978 ముఖ్యమనిపిస్తుంది. కాలేజీ మెట్ల మీద నిలువలేకపోయిన ఆ వృద్ధునికి ఆ సంవత్సరం మన ఆంధ్ర విశ్వవిద్యాలయమే గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1987 జూన్ 20న ఆయన పరమపదించారు.

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చలికాలం వచ్చేసరికి చింతచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి. ఊరివారు వాటిని ఇంటి ఆడపడుచుల వలె చూచుకొంటారు. సైబీరియా నుండి వస్తాయని అందరమూ అంటాము, మేమూ అన్నాము. కాని ఈ రెండు జాతులూ దక్షిణాసియా ప్రాంతాలకు చెందినవే, సైబీరియాలో వాటి గూళ్లు లేవు. విన్నమాటను చూచి సరిచూచుకొనమని సలీం అలీ అనేవారేమో. మన విద్యార్థులలో ఎవరైనా ఆ చెట్ల క్రిందనో, పట్టణంలోని పార్కులోనో ఒక నెల రోజులు నోటుపుస్తకంతో కూర్చుంటే, చూచినది చూచినట్లు వ్రాసి తెచ్చి ఇవ్వండి; వచ్చే సంచికలో మొదటి పుటలు దానికే కేటాయిస్తాము.