మా సాహెబా హయాత్ బక్షీ బేగం

చరిత్ర నవలలంటే మనవాళ్ళకు ఎంతో ఇష్టం. ఉర్దూలో అయినా, తెలుగులో అయినా, రాణివాసం కథ అంటే చాలు, పుస్తకం చేతులు మారుతూ ఊరంతా తిరిగి వస్తుంది. అయితే ఆ నవలల్లో చాలా వాటిలో రాణులకు ఒకటే పని. ఒకరిమీద ఒకరు అసూయపడటం, విషం కలపటం, కొడుకుకు గద్దె కోసం కుట్ర పన్నటం. మేము బడిలో చరిత్ర పాఠం చెప్పేటప్పుడు పిల్లలు కూడా ముందుగా అడిగేది ఆ సంగతులే. వాస్తవంలో రాణివాసపు పోటీలకు మూలం ఆడవారి అసూయ కాదు. రాజ్యాల మధ్య జరిగిన పెళ్ళి బేరాలు. ఈ మాటకు సాక్ష్యం కావాలంటే దూరం పోనక్కర లేదు. ఒకప్పుడు మన ఏలూరు, కొండపల్లి, బందరు ఏ గద్దెకు శిస్తు కట్టాయో, ఆ గోలకొండలోనే ఉన్నది. ఆమె పేరు హయాత్ బక్షీ బేగం.

ఈమె ఒక సుల్తాను కూతురు, ఒక సుల్తాను భార్య, ఒక సుల్తాను తల్లి. తండ్రి 1591లో హైదరాబాదు నగరం కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా. దక్ఖనీ ఉర్దూలో కవిత్వం చెప్పిన పాదుషా. తాత ఇబ్రహీం కుతుబ్ షా. ఆయన్ని మన తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకుని కావ్యాలు అంకితమిచ్చారు. అటువంటి ఇంట్లో హయాత్ బక్షీ ఒక్కతే కూతురు. తండ్రికి గద్దె ఎక్కవలసిన కొడుకు లేడు. అందుచేత ఆ పిల్ల పెళ్ళి ఇంటి విషయం కాక రాజ్యం విషయమై కూర్చుంది.

1603లో ఇరాన్ పాదుషా షా అబ్బాసు దగ్గరనుంచి రాయబారి వచ్చాడు. కానుకలు ఇచ్చాడు, స్నేహం మాట్లాడాడు. తమ షాజాదాకు గోలకొండ పిల్లను అడగటం కూడా ఆ రాకలోని ఉద్దేశమని చరిత్రకారులు రాశారు. ఇరాన్ అంటే అప్పుడు మాటలా! కాదంటే కోపం, అవునంటే పిల్ల సముద్రం దాటిపోతుంది, ఆ వెనుకే గద్దె మీద హక్కు కూడా దాటిపోతుంది. మహమ్మద్ కులీ అవుననలేదు, కాదనలేదు. రాయబారిని కొన్నేళ్ళపాటు మర్యాదలతో ఉంచుకున్నాడు. ఈలోగా 1607లో తన తమ్ముడి కొడుకు సుల్తాన్ మహమ్మద్‌కు కూతుర్నిచ్చి ఘనంగా నిఖా జరిపించాడు. 1612లో ఆయన గతించగానే అల్లుడే సుల్తాను అయ్యాడు. మక్కా మసీదుకు పునాది పడింది ఈ అల్లుడి కాలంలోనే. చూశారా, ఒక పిల్లను ఎవరికిచ్చారన్న దాన్నిబట్టి ఒక రాజ్యం చేతులు మారకుండా నిలబడింది. ఆ తూకం ఎలా ఉంటుందో హయాత్ బక్షీ చిన్ననాడే తన మీదనే చూసుకుంది.

1626లో సుల్తాన్ మహమ్మద్ పోయాడు. కొడుకు అబ్దుల్లాకు అప్పటికి పన్నెండేళ్ళు నిండీ నిండని వయసు. కుర్రవాడు గద్దెమీద కూర్చున్నాడు. వెనుక ఉండి నడిపింది తల్లి. జనం ఆమెను మా సాహెబా అని పిలిచారు. హైదరాబాదులో మాసాబ్ టాంక్ అన్న పేరు ఆ మా సాహెబా అన్న మాటలోనుంచే వచ్చిందని పెద్దలు చెబుతారు. అబ్దుల్లా చిన్నతనంలో మదమెక్కిన ఏనుగొకటి అతన్ని ఎక్కించుకుని అడవిలోకి పారిపోతే, కొడుకు క్షేమంగా తిరిగి వస్తే బంగారు గొలుసు సమర్పిస్తానని ఈ తల్లి మొక్కుకున్నదనీ, నిజాముల కాలం దాకా హైదరాబాదులో మొహర్రంలో జరిగిన లంగర్ ఊరేగింపు దానితోనే మొదలైందనీ ఒక కథ ఉంది. కథ ఎంతవరకు నిజమైనా, తల్లి అన్న పేరుతోనే ఆమె జనం నోట నిలిచిందనటానికి అది గుర్తు.

అబ్దుల్లా కాలంలో కష్టాలు ఉత్తరంనుంచి వచ్చాయి. 1636లో షాజహాన్ పాదుషాకు లొంగి, ఏటా రెండు లక్షల హున్నులు కప్పం కడతామని గోలకొండ ఒప్పుకోవలసి వచ్చింది. అటువైపు బీజాపూరుతో వియ్యం అందుకున్నారు. అబ్దుల్లా సోదరి ఖదీజా సుల్తానాను బీజాపూరు సుల్తాన్ మహమ్మద్ ఆదిల్ షాకు ఇచ్చారు. ఈ ఖదీజా కూడా సామాన్యురాలు కాదు. భర్త పోయాక 1656 చివర్లో కుర్రవాడైన అలీ ఆదిల్ షాను గద్దెనెక్కించి, బడీ సాహెబా అనిపించుకుని రాజ్యం నడిపింది. దక్కనులో మిగిలిన రెండు పెద్ద గద్దెల వెనుకా ఒకే ఇంటి ఆడవాళ్ళు నిలబడిన కాలం అది.

ఇక అసలు గండం మన తీరంలో పైకొచ్చిన మనిషి మూలంగా వచ్చిపడింది. మీర్ జుమ్లా ఇరాన్‌నుంచి వచ్చి వజ్రాల వ్యాపారం చేసి, బందరులో అధికారం చేసి, ఆపైన గోలకొండకు వజీరయ్యాడు. (ఆ వజ్రాల గని కృష్ణ ఒడ్డున గుంటూరు వైపున ఉన్న కొల్లూరు. మన కొల్లేరు వేరు. పేర్లు దగ్గరగా ఉండటంచేత పిల్లలు తికమకపడుతుంటారు.) కర్ణాటకం జయించాక అతనికి సొంత ఫౌజు, సొంత ఫిరంగులు వచ్చాయి. సుల్తానుకు అనుమానం, వజీరుకు గర్వం. 1655లో అతని కొడుకు దర్బారులో అమర్యాదగా నడుచుకుంటే అబ్దుల్లా అతన్ని కుటుంబంతోసహా ఖైదు చేశాడు. మీర్ జుమ్లా మొగలుల పంచన చేరాడు. దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబు ఇలాంటి అదను కోసమే చూస్తున్నాడు.

1656 జనవరిలో ఔరంగజేబు పెద్దకొడుకు మహమ్మద్ సుల్తాన్ ఫౌజుతో హైదరాబాదు మీద పడ్డాడు. అబ్దుల్లా నగరం విడిచి గోలకొండ కోటలోకి పరుగెత్తాడు. నగరం దోపిడీ అయింది. వెనకాలే ఔరంగజేబు వచ్చి కోటను ముట్టడించాడు. అతనికి కావలసింది కప్పం కాదు, రాజ్యమే. కోటలో సర్దార్లున్నారు, ఉలమాలున్నారు, వజీర్లున్నారు. అయినా బయటికి పోయి మాట్లాడగలిగింది మనుమరాళ్ళున్న హయాత్ బక్షీ బేగమే. పర్దాలో పెరిగిన పాదుషా బిడ్డ, శత్రువు డేరాలకు తానే వెళ్ళి కొడుకు ప్రాణానికీ, రాజ్యానికీ బేరం కుదుర్చుకుంది.

ఆ బేరం ఏమిటో కూడా దాచకుండా చెప్పాలి. కోటి రూపాయలు. రామగిరి ప్రాంతం. వాటితోపాటు, అబ్దుల్లా రెండో కూతుర్ని మహమ్మద్ సుల్తాన్‌కు ఇచ్చి నిఖా. అబ్దుల్లాకు కొడుకులు లేరు గనుక ఈ అల్లుడే వారసుడవుతాడని లోపల మాట కూడా తీసుకున్నట్టు చరిత్రకారులు రాశారు. అదే సమయానికి ఢిల్లీలో దారా షికో గోలకొండ తరఫున షాజహాన్ దగ్గర మాట వేశాడు. ముట్టడి ఎత్తమని ఫర్మానా వచ్చింది. మార్చి ఆఖరున ముట్టడి ఎత్తారు, ఏప్రిల్లో పెళ్ళయింది. రెండేళ్ళు తిరగకుండానే మొగలు అన్నదమ్ములు గద్దె కోసం కొట్టుకున్నప్పుడు అక్క జహనారా దారా పక్షం, చెల్లెలు రోషనారా ఔరంగజేబు పక్షం వహించారు. నవలలు వాళ్ళను పరస్పరం ఓర్వలేని ఇద్దరు ఆడవాళ్ళుగానే చూపిస్తాయి. ఆ పోరు మొదట గద్దె కోసం అన్నదమ్ముల మధ్య పుట్టినదేనన్న సంగతి వెనక్కి పోతుంది.

ఆ కోటి రూపాయలు ఎక్కడివి అని కూడా మనం అడగాలి. గోలకొండ ఖజానాకు శిస్తు వచ్చేది మన ప్రాంతంవంటి చోట్లనుంచే. ఏటేటా శిస్తు వసూలు హక్కును వేలం పాడి, ఎక్కువ పాడినవాడికి ఇజారా ఇచ్చే పద్ధతి అప్పటిది. పాడుకున్నవాడు తన సొమ్ము రైతు దగ్గర రాబట్టుకునేవాడు. కనుక మా సాహెబా డేరాలో ఒప్పుకున్న మొత్తంలో కొల్లేటి ఒడ్డున వరి పండించినవాడి చెమట కూడా ఉన్నది. ఇది ఆమెను తక్కువ చేయటానికి చెప్పటం లేదు. రాచకుటుంబాల్లో పెళ్ళి జరిగితే దాని ఖర్చు ఎంత దూరం పోతుందో తెలియటానికి చెబుతున్నాము.

మరి ఆ పెళ్ళి ఏమైంది? పెళ్ళికొడుకు 1659లో తండ్రిని విడిచి బెంగాలులో పెదతండ్రి షుజా పక్షం చేరాడు, షుజా కూతుర్ని చేసుకున్నాడు. మరుసటి ఏడు తిరిగి వచ్చాడు. ఔరంగజేబు కన్నకొడుకని చూడక ఖైదులో పెట్టించాడు. 1676లో అతను ఖైదీగానే పోయాడు. గోలకొండ వారసత్వం మాట గాలికి పోయింది. అన్ని పుస్తకాల్లోనూ ఆ పెళ్ళి షరతులు దొరుకుతాయి. ఆ పిల్ల మనసులో ఏమున్నదో ఎవరూ రాయలేదు.

మిగిలిన ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథా అలాంటిదే. పెద్ద కూతురి భర్త అరబ్బు దేశంనుంచి వచ్చిన సయ్యదు, నిజాముద్దీన్ అహ్మద్. మూడో పిల్లను సయ్యద్ సుల్తాన్ అనే ఆయనకు ఇవ్వబోతే పెద్దల్లుడు అడ్డం పడ్డాడు. ఆ పెళ్ళి జరిగితే తాను ఈ రాజ్యంలో ఉండనని బెదిరించాడు. చివరికి షా రాజూ సాహెబు ఖాన్‌కాలో శిష్యుడిగా ఉంటున్న అబుల్ హసన్‌ను పిలిపించి అతనికిచ్చి నిఖా చేశారు. పెళ్ళికొడుకు మారాడు, పెళ్ళికూతురు అదే. 1672లో అబ్దుల్లా పోయాక పెద్దల్లుడు, చిన్నల్లుడు గద్దె కోసం తలపడ్డారు. సర్దారు సయ్యద్ ముజఫ్ఫర్, మన తెలుగువాడు మాదన్న చిన్నల్లుడి వెనుక నిలిచారు. అబుల్ హసన్ తానాషా అయ్యాడు. చెల్లెలు రాణి అయింది, అక్క ఓడినవాడి భార్య అయింది. ఇందులో ఆ ఇద్దరూ కోరుకున్నది ఎంత, వాళ్ళ నెత్తిన పడ్డది ఎంత? ఇలాంటి దాన్నే రాణుల పోటీ అని పేరుపెట్టి మనం రుచిగా చదువుకుంటున్నాము.

హయాత్ బక్షీ బేగం ఇదంతా చివరిదాకా చూడలేదు. 1667లో ఆమె కన్నుమూసింది. గోలకొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల మధ్య సుల్తానుల గుమ్మటాలకు తీసిపోని గుమ్మటం కింద పడుకుని ఉన్నది. పక్కనే ఆమె పేరుతో మసీదు. హైదరాబాదునుంచి విజయవాడ వైపు, అంటే మన వైపు వచ్చే రోడ్డు మీద హయాత్‌నగర్ వస్తుంది. అదీ ఆమె పేరే. అక్కడ మసీదు, బాటసారుల కోసం గదులు, ఏనుగుల బావి అనే పెద్ద బావి ఇంకా ఉన్నాయి. ఏలూరు, తాడేపల్లిగూడెంనుంచి బస్సులో హైదరాబాదు పోయే మనవాళ్ళు ఎందరో ఆ ఊరు దాటిపోతుంటారు. ఒక్కసారి దిగి చూడదగిన చోటు.

ఆమె 1656లో కుదిర్చిన బేరంతో గోలకొండ 31 ఏళ్ళు నిలబడింది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత అదే ఔరంగజేబు కోటను తీసుకున్నాడు. అప్పటికి బయటికి పోయి మాట్లాడటానికి మా సాహెబా లేదు. పిల్లనిచ్చి కట్టిన గోడ కొంతకాలమే ఆగింది. ఆగినంత కాలమైనా ఆగటానికి కారణం పిల్లనివ్వటం ఒక్కటే కాదు, ఆ ముసలి తల్లి బుద్ధి, ధైర్యం, మాటనేర్పు కూడా.

ఈ జీవితంనుంచి రెండు సంగతులు మనం ఇంటికి తీసుకుపోవాలని మా ఉద్దేశం. మొదటిది, ఆపద వచ్చిన నాడు నలుగురిలో నిలబడి మాట్లాడగల ఆడపిల్ల ఇంటికి బలం. ఆ బలం చదువు లేకుండా ఊరికే రాదు. పదో తరగతి కాగానే పిల్లను బడి మానిపించేవారు ఈ సంగతి ఆలోచించుకోవాలి. రెండోది, నిఖాలో పిల్ల ఒప్పుదల అడగటం మన దీన్‌లో ఉన్న షరతు, మొక్కుబడి కాదు. పాదుషాలు రాజ్యం కోసం దాన్ని పక్కకు నెట్టారు. మనకు కాపాడుకోవటానికి రాజ్యాలు లేవు. పొలం హద్దు కోసమో, పాత బాకీ కోసమో, చుట్టరికం తెగిపోతుందనో పిల్ల నోరు నొక్కవలసిన అవసరం మనకేమున్నది? ఈ ఏడు ఇంట్లో సంబంధం మాట వచ్చినప్పుడు, ముందుగా లోపలి గదిలోకి వెళ్ళి పిల్లను అడగండి. చెప్పేదాకా ఆగండి.