కలూగా బడిపంతులు

మహాపురుషుల చరిత్రములు వ్రాయువారు మొదట వారి గురువులను, వారు చదివిన విద్యాపీఠములను పేర్కొనుట వాడుక. కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ చరిత్రము వ్రాయువారికి ఆ యవకాశము లేదు. ఆయనకు విద్యాపీఠము లేదు, గురువు లేడు, వినుటకు చెవులును సరిగా లేవు. ఉన్నది యొక గ్రంథాలయము మాత్రమే. మానవుడు భూమిని విడిచి యంతరిక్షమునకు పోవు మార్గమును, పోయి యచ్చట బ్రతుకు మార్గమును లెక్కకట్టి చూపినవారిలో ఈ రష్యను బడిపంతులు అగ్రగణ్యుడు. పుస్తకము చేతికందినచో కలుగు లాభ మెట్టిదో, అందనిచో కలుగు నష్ట మెట్టిదో ఆయన జీవితము రెండింటిని సమముగా చూపుచున్నది. అందుచేతనే మేము ఆ కథను పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ఆయన 1857వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన ర్యాజాను మండలములోని ఇజెవ్‌స్కోయె గ్రామమున జన్మించెను. తండ్రి ఎడ్వర్డు పోలిషు జాతివాడు. అడవుల శాఖలో ఉద్యోగి. పదియేండ్ల ప్రాయమున స్కార్లెట్ జ్వరము తగిలి బాలుని వినికిడి చాలవఱకు పోయెను. పంతులు చెప్పు పాఠము చెవిని పడదు; తోడి పిల్లల యాటలలో చోటు లేదు. 1870లో తల్లి మరణించెను. వ్యాట్కా పట్టణపు పాఠశాలను కూడ మధ్యలోనే విడువవలసి వచ్చెను. అంతట నా బాలుడు ఇంటనున్న పుస్తకములు ముందు పెట్టుకొని తన పాఠములు తానే చెప్పుకొన మొదలిడెను. ఒక పుస్తకమును చూచి కోణములు కొలుచు పనిముట్టును చేసి, ఇల్లు కదలకయే ఊరి యగ్నిగోపురము ఎంత దూరముననున్నదో లెక్కించెను. 400 అర్షినులని తేలెను. అర్షిను మన గజమునకంటె పొట్టిది. పిమ్మట పోయి నేలమీద కొలిచి చూడగా లెక్క సరిపోయెను. ఆ దినము మొదలుకొని లెక్కయం దాయనకు కుదిరిన విశ్వాసము తుదివఱకు సడలలేదు.

కుమారుని బుద్ధిని గమనించి తండ్రి 1873లో వానిని మాస్కో నగరమునకు పంపెను. బాలునకు పదునాఱేండ్లు. ఏ కళాశాలయందును చేరలేదు. ఇంటినుండి నెలకు పది పదునైదు రూబుళ్లు వచ్చెడివి. అందులో ఆహారమున కాతడు ఖర్చుపెట్టినది తొంబది కోపెక్కులు, అనగా రూబులుకంటెను తక్కువ. మూడు దినముల కొకమారు నల్లరొట్టె కొని తెచ్చుకొని దానితోడను నీళ్లతోడను కాలము గడిపెను. మిగిలిన సొమ్మంతయు పుస్తకములకును, గాజుగొట్టములకును, పాదరసమునకును, గంధకామ్లమునకును పోయెను. ఆమ్లము పడి గుడ్డలు చిల్లులు పడగా వీథిలోని పిల్లలు ఎలుకలు కొఱికినవా యని గేలిచేసెడివారు.

అట్టి వాడు ప్రతిదినము పోయి కూర్చుండినది చెర్ట్‌కోవ్ గ్రంథాలయము. అది యెల్లరకును ఉచితముగా తెఱచియున్న పుస్తకశాల. మొదటి యేడు పదార్థ విజ్ఞానమును, ప్రాథమిక గణితమును ముగించెను. రెండవ యేడు ఉన్నత బీజగణితము, కలనగణితము, గోళ త్రికోణమితి మొదలగువానిని స్వయముగా నేర్చెను. ఆ గ్రంథాలయమున నికొలాయ్ ఫ్యోదొరోవ్ అను నుద్యోగి యుండెను. ఆయన తన స్వల్ప జీతమును బీదలకు పంచిపెట్టి తాను విరాగివలె జీవించిన తత్త్వవేత్త. చినిగిన గుడ్డలతో వచ్చు నీ చెవిటి బాలునకు ఆయన పుస్తకములను, సామాన్యులకు దొరకని నిషిద్ధ గ్రంథములను సైతము ఇచ్చెడివాడు. సొమ్ముతో కూడ నాదుకొన దలచెను గాని బాలుని బిడియము దానికి అడ్డువచ్చెను. వాకిటనుండియే తఱిమివేయదగిన వేషముతో వచ్చిన వానిని లోనికి పిలిచి పుస్తకమిచ్చిన ఆ యుద్యోగి చేసిన మేలు ఎంతటిదో లోకమునకు తెలియుటకు ఎనుబది యేండ్లకు పైగా పట్టినది.

మాస్కోలోనే యొకనా డతనికి భూమిని విడిచిపోవు నుపాయము తట్టెను. పెట్టెలో నమర్చిన కడ్డీలు, వానికి బిగించిన గుండ్లు వేగముగా నూగినచో పెట్టె పైకి లేచునని యూహ. ఆ యానందముచేత రాత్రి నిద్రపట్టక మాస్కో వీథులలో తిరిగెను. తిరుగుచునే తప్పు కనుగొనెను: పెట్టె యదురును గాని దాని బరువు వీసమంతయు తగ్గదు. ఆనందము పోయెను, కోరిక పోలేదు. తన తప్పును ఒకరు చెప్పకముందే తాను పట్టుకొనగలుగుటయే, మా యభిప్రాయమున, ఆ గ్రంథాలయ మాతనికి నేర్పిన ప్రథమ విద్య.

1876లో ఇంటికి మరలి, 1879లో ఉపాధ్యాయ పరీక్ష నిచ్చి, మరుసటి యేడు బోరోవ్‌స్క్ అను చిన్న యూర బడిపంతులయ్యెను. అచ్చటనే వార్వరా సోకొలోవా యను నామెను వివాహమాడెను. ఆ యూర మాస్కోలోని పుస్తకములు లేవు; పండితుల పత్రికలు లేవు. ఆయన తనంత తాను వాయువుల చలన సిద్ధాంతమును సాధించి రాజధానిలోని భౌతిక రసాయన శాస్త్రసంఘమునకు పంపెను. సుప్రసిద్ధుడగు మెండెలీయెవ్ మొదలగువారు దానిని చూచి, ఆ సంగతి సుమారు 25 ఏండ్లకు పూర్వమే కనుగొనబడినదని తెలిపిరి. అతని ప్రతిభను మెచ్చుకొనిరి గాని వ్యర్థమైన శ్రమను తిరిగి యీయగలవారెవరు? క్రొత్త పుస్తకము చేరని యూర నెంతటి బుద్ధిమంతుడైనను ఉన్న బావిని మరల త్రవ్వవలసినవాడే.

1883లో ఆయన దినచర్య రూపమున నొక చిన్న గ్రంథమును వ్రాసి, బరువు లేని చోట వస్తువులును మనుష్యులును ఎట్లు మెలగుదురో వర్ణించెను. 1887లో ఇల్లు తగులబడి వ్రాతలును పరికరములును కాలిపోయెను. 1892లో కలూగా పట్టణమునకు బదిలీ కాగా, తుదివఱకు నచ్చటనే నివసించెను. 1897లో గాలి యొరపిడిని కొలుచుటకు స్వహస్తములతో గాలిసొరంగమును నిర్మించెను. దానికై విజ్ఞాన పరిషత్తు ఇచ్చిన సాయము 470 రూబుళ్లు. 1902లో కుమారుడు ఇగ్నాతి యాత్మహత్య చేసికొనెను. ఆ దుఃఖమున మునిగియున్న తండ్రి పేరు నిలిపిన వ్యాసము మరుసటి యేడే వెలువడుట విధి వైచిత్ర్యము.

1903లో నొక విజ్ఞానపత్రికలో ప్రకటింపబడిన ఆ వ్యాసము రాకెట్టుతో నంతరిక్షమును శోధించుటను గూర్చినది. మన దీపావళి తారాజువ్వను చూచినవారికి మూలసూత్రము సుబోధము. నిప్పురవ్వలు క్రిందికి చిమ్ముటచేత జువ్వ పైకి పోవును. దానికి వెనుకనుండి గాలి యాధారము కానక్కఱలేదు గనుక గాలి లేని చోటను పోగలదు. త్సియోల్కోవ్‌స్కీ దీనికి లెక్క కట్టెను. కడపటి వేగము రెండింటిపై నాధారపడియుండును: వాయువులు వెలువడు వేగము ఒకటి, ఇంధనముతో నున్న బరువునకును, ఇంధనము తీరిన బరువునకును గల నిష్పత్తి రెండవది. వాయువులు సెకనుకు 4 కిలోమీటర్ల వేగముతో వెలువడుచున్నచో, రాకెట్టు 8 కిలోమీటర్ల వేగము నందుటకు ఆ నిష్పత్తి 7కు పైగా నుండవలెను; 12 కిలోమీటర్లకైనచో 20. వేగము కూడిక లెక్కను పెరిగిన, ఇంధనము గుణకారపు లెక్కను పెరుగును. అందుచేతనే ఆయన తుపాకిమందును విడిచి ద్రవరూపముననున్న ఉదజనిని, ప్రాణవాయువును సూచించెను. 1929లో ఒకదానివెనుక నొకటి మండి రాలిపోవు రాకెట్ల శ్రేణిని ప్రతిపాదించెను.

పైకి పోవుట సగము పని. పోయినవాడు బ్రతుకుట రెండవ సగము. ఈ రెండవ దానిని ఆయన మొదటినుండియు విడువలేదు. యౌవనముననే గిఱ్ఱున తిరుగు యంత్రమున బొద్దింక బరువును 300 రెట్లు, కోడిపిల్ల బరువును 10 రెట్లు పెంచి చూచి, వానికి హాని కానరాలేదని వ్రాసికొనెను. రాకెట్టు లేచునప్పటి యొత్తిడికి ప్రయాణికుని పరుండబెట్టుటయు, ద్రవములో నుంచుటయు నుపాయములని చెప్పెను. మూసిన గదిలో బొగ్గుపులుసు వాయువును పీల్చివేయు పదార్థములు, ప్రాణవాయువును ఆహారమును రెండింటినిచ్చు మొక్కల తోటలు, బరువు కావలసినప్పుడు నివాసమును తిప్పుట, గాలి వృథాకాకుండ రెండు తలుపుల గదిద్వారా బయటికి పోవుట, ఇవి యన్నియు నాయన గ్రంథములలో కలవు. 1920లో సంపూర్ణముగా వెలువడిన ఆయన నవలలో పండితులు రాకెట్టును నిర్మించు చోటు హిమాలయములలోని యొక కోట, కథాకాలము 2017. కలూగా పంతులు కల మన పర్వతములమీదుగా పోయినదన్న సంగతి మనవారిలో తెలిసినవారు కొద్దిమంది.

1926లో నాయన క్రమముగా నొక ప్రణాళికను వ్రాసెను. అందులో మొదటి మెట్టు ఱెక్కల రాకెట్టు, అనగా రాకెట్టు యంత్రముతో నెగురు విమానము. పిమ్మట వేగము పెంచుచు, ఱెక్కలు తగ్గించుచు, పలుచని గాలిలోనికి పోవలెను. మరలునప్పుడు గాలిలో జారుచు దిగవలెను. నేలకును నింగికిని నడుమ విమానమును వారధిగా చూచినవాడాయన.

ఇంతటి పనికి కాలమిచ్చిన ఫలము స్వల్పము. 1903 నాటి పత్రిక సంపాదకుని మరణముతో నాగిపోగా రెండవ భాగము 1911వఱకు వెలువడలేదు. నడుమ 1908లో ఓకా నది వఱద యింటిలోనికి వచ్చి వ్రాతలను పాడుచేసెను. 1919లో నూతన ప్రభుత్వపు రహస్య పోలీసులు ఆయనను కొలది వారములు నిర్బంధించిరి. 1921లో నదే ప్రభుత్వము జీవితాంతపు పింఛను నిచ్చెను. 1923లో హెర్మన్ ఓబెర్త్ జర్మను భాషలో రాకెట్టును గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆయనకు ఇరువదియేండ్ల నాటి రష్యను వ్యాసము తెలియదు. మెండెలీయెవ్ నాటి కథ తలక్రిందులయ్యెను: మొదట పంతులు పరుల పనిని మరల చేసెను, పిదప పరులు పంతులు పనిని మరల చేసిరి. రెండు తావులను కారణ మొక్కటే, పుస్తకము చేరవలసిన చోటికి చేరకపోవుట.

ఆయన రాకెట్టును కట్టినవాడు కాడు. ద్రవ యింధనపు రాకెట్టును మొదట నెగురవేసినవాడు అమెరికా దేశీయుడగు గాడర్డు, 1926 మార్చి 16వ తేదీన. మానవజాతిలో నుత్తములను ఏరి వృద్ధిచేయవలెనని పంతులు వ్రాసిన వ్రాతలను మేమంగీకరింపజాలము. పిదప ఐరోపాలో నట్టి తలంపులు తెచ్చిన ఘోరములను లోకము చూచినది. చెవిటివానిని, బీదవానిని పనికిరానివాడని త్రోసివేయు లోకమున తానెట్లు మిగులునో ఆయన యోచింపలేదు కాబోలు.

1932లో ప్రభుత్వము ఆయనను సత్కరించెను. 1935 సెప్టెంబరు 19వ తేదీన కలూగాలో మరణించెను. 1957 అక్టోబరు 4వ తేదీన మొదటి కృత్రిమ ఉపగ్రహము, 1961 ఏప్రిల్ 12వ తేదీన గగారిన్ అంతరిక్షమునకు పోయిరి. ఆ గగారినే కలూగాలో పంతులు పేరిట మ్యూజియమునకు శంకుస్థాపన చేసెను. ఆంధ్రదేశమున పులికాటు సరస్సు చెంతనున్న శ్రీహరికోటనుండి 2014 జనవరి 5వ తేదీన, ఉదజని ప్రాణవాయువులతో మండు స్వదేశపు యంత్రముతో రాకెట్టు జయప్రదముగా లేచెను. 2016 మే 23వ తేదీన ఱెక్కల వాహన మొకటి యచ్చటినుండియే పరీక్షింపబడెను. అయినను పంతులు కల సంపూర్ణము కాలేదు. 2000 నవంబరు మొదలుకొని అంతర్జాతీయ కేంద్రమున మనుష్యులు ఎడతెగక నివసించుచున్నను, వారికి ప్రాణవాయువు ప్రధానముగా నీటిని విద్యుత్తుతో విడదీయుటవలన వచ్చునే గాని తోటలవలన గాదు.

1914లో బెజవాడలో గ్రంథాలయసంఘము పుట్టిననాటినుండి ఊరూర పుస్తకశాలలను నిలిపిన కీర్తి మన ప్రజలకు కలదు. ఆ కీర్తితో తృప్తిపడిన చాలదు. పాత పుస్తకములను చెదలనుండి కాపాడుట యొక బాధ్యత. క్రొత్త పుస్తకములను ఆలస్యము లేక తెప్పించుట రెండవది. మొదటిది లేనిచో త్సియోల్కోవ్‌స్కీ పుట్టడు. రెండవది లేనిచో పుట్టియు ఉన్న బావిని మరల త్రవ్వును. ఊరిలో పలుకుబడియు, చేతిలో నాలుగు రూకలును గల మన పాఠకులు ఒక్క పర్యాయము తమ గ్రామపు గ్రంథాలయమునకు పోయి చూడుడు. బీరువాకు తాళమున్నదా, తాళపుచెవి యెవరియొద్ద నున్నది, చినిగిన చొక్కాతో వచ్చిన బాలుడు లోనికి పోగలుగుచున్నాడా యని విచారింపుడు. ఫ్యోదొరోవ్ చేసిన పని యింతకంటె పెద్దది కాదు.