బస్తాలో వచ్చిన ఇటానియం

2024 జనవరి 7న లినక్స్ కెర్నల్ 6.7 విడుదలైంది. కొత్తగా ఏమేం చేర్చారో అని అందరూ చూస్తుంటే నేను తీసేసిన వాటి జాబితా వెతుక్కున్నాను. 'ఆర్క్' అనే ఫోల్డరులో ఇన్నేళ్లుగా ఉన్న 'ఐఏ64' కనిపించలేదు. ఇటానియం ప్రాసెసర్ మీద లినక్స్ నడవడానికి ఇరవై మూడేళ్లకు పైగా పోగుపడిన పని అది. సుమారు 65 వేల లైన్ల కోడ్ ఒక్క మార్పుతో బయటికి పోయింది.

ఆ రోజు మంచిర్యాలలో దాని కోసం బాధపడ్డది నేనొక్కణ్నే అయి ఉంటాను. నాకు తెలిసి ఈ ఊళ్లో ఇటానియం ఉన్న ఇల్లు మాదొక్కటే.

అది మా ఇంటికి 2014 వేసవిలో గోనెబస్తాలో వచ్చింది. నాది కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం. పాత ర్యామ్‌లు, హార్డ్ డిస్కుల కోసం నెలకోసారి హైదరాబాద్ వెళ్లి, పాత సామాను తూకానికి అమ్మే గోదాములు తిరుగుతుంటాను. ఒక గోదాంలో, విరిగిన ప్రింటర్ల కింద, హెచ్‌పీ ఇంటెగ్రిటీ ఆర్‌ఎక్స్2600 అని రాసి ఉన్న బల్లపరుపు పెట్టె ఒకటి దొరికింది. "దీనికి విండోస్ ఎక్కది సార్, ఏదీ ఎక్కది. కావాలంటే ఇనుము లెక్కన తీస్కపోండి" అన్నాడు గోదాం అతను. ఎక్కదంటే నాకు మరీ మోజు. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో సీటు కింద తోసి తెచ్చాను. మంచిర్యాల స్టేషన్లో దించుకుంటుంటే పక్కనున్న పెద్దమనిషి, "పిండి గిర్నీనా సారూ?" అని అడిగాడు. అవునన్నాను. ఇరవై కిలోల పైన బరువున్న దాని గురించి ప్లాట్‌ఫాం మీద నిలబడి ఇంకేం చెప్పగలను?

మా బాపు సింగరేణిలో చేసి దిగిపోయిన మనిషి, శ్రీరాంపూర్ బాయిల్లో పనిచేసిండు. మొదటిసారి దాన్ని కరెంటుకు పెట్టిన రాత్రి ఫ్యాన్లన్నీ ఒక్కసారే లేచినయి. పక్క గదిలోంచి లేచొచ్చి, "ఏంరా, బాయి మీది ఫ్యాన్ లెక్క మొత్తుకుంటాంది" అన్నడు. భూగర్భ గనికి గాలి తోలే ఫ్యాన్ చప్పుడు ఆయనకు అలవాటే. అది మోగుతున్నంతసేపూ కింద ఉన్నవాళ్లకు భయం లేదు, ఆగిందంటేనే భయం. ఆ రాత్రి నాకు పట్టుకున్న భయం వేరు. ఫ్యాన్లు మోగుతున్నాయి, తెర మీద మాత్రం ఏమీ లేదు.

ఇలాంటి సర్వర్లకు అసలు నోరు సీరియల్ పోర్టు. అది తెలుసుకునేసరికి రెండు రోజులు పట్టింది, సరైన తీగ వెతుక్కోవడానికి మరో పది రోజులు. ల్యాప్‌టాప్‌కు కలిపాక ముందు పిచ్చి గీతలు, ప్రశ్నార్థకాలు వచ్చాయి. తప్పు నాదే. వేగాన్ని 1,15,200 మీద పెట్టాను. అది మాట్లాడేది 9600లో, తొందర లేని పాతకాలం మనిషిలా. సరిచేయగానే అక్షరాలు చదవగలిగేలా వచ్చి, పేరు, రహస్యపదం అడిగాయి. అప్పటిదాకా నేను చూసిన కంప్యూటర్లన్నీ మీట నొక్కగానే నేరుగా పనిలోకి దిగేవి. దీని గుమ్మం దగ్గర మాత్రం ఒక కాపలాదారు ఉన్నాడు. అసలు మెషిన్ నిద్రపోతున్నా మేలుకొని ఉండే చిన్న కంప్యూటర్ అది, దాన్ని మేనేజ్‌మెంట్ ప్రాసెసర్ అంటారు. 'సీఓ' అని కొడితే లోపలికి పంపుతుంది. కంట్రోల్, బీ కలిపి నొక్కితే మళ్లీ గుమ్మం దగ్గరికి తెస్తుంది.

లోపల మెషిన్‌ను లేపే బయోస్ లేదు, దాని చోట ఈఎఫ్ఐ ఉంది. ఇవాళ ఈ పేరు ప్రతి ల్యాప్‌టాప్ కుర్రాడికీ తెలుసు. ఆ రోజుల్లో మా దుకాణానికి వచ్చే మెషిన్లలో చాలావరకు బయోస్‌వే.

డెబియన్ లినక్స్ 'వీజీ' సీడీ పెట్టాను. 2013 మేలో వచ్చిన ఏడో కూర్పు అది. ఇన్‌స్టలేషన్ మధ్యాహ్నం మొదలుపెట్టడం నేను చేసిన రెండో తప్పు. మేలో మంచిర్యాల ఎండ సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. రోళ్లు పగిలే ఆ ఎండలో రేకుల కప్పు కింద సర్వర్ నడిపితే సగంలోనే వేడెక్కి తనంతట తాను ఆగిపోయింది. ఆ తర్వాత తెల్లవారుజామున రెండింటి నుంచి అయిదింటి దాకా మాత్రమే పని. మూడు రాత్రులకు ఇన్‌స్టలేషన్ పూర్తయింది, రీబూట్ చేస్తే లినక్స్ రాలేదు. ఈఎఫ్ఐ షెల్ వచ్చి ఊరుకుంది. ఎక్కించిన లినక్స్ పేరు బూట్ మెనూలో ఎక్కలేదు. ఇల్లు కట్టి తలుపు మీద నంబరు వేయనట్టు. షెల్‌లో డిస్కు మొదటి విభాగంలోకి పోయి, డెబియన్ ఫోల్డరు తెరిచి, 'ఎలిలో' అనే బూట్‌లోడర్‌ను చేత్తో పిలిస్తే అప్పుడు కదిలింది. తెర మీద లైన్లు పారుతుంటే బాపును లేపాను. ఆయన కాసేపు చూసి, "ఇంతకూ ఇది ఏం పని చేస్తదిరా?" అన్నడు.

నిజంగా చెప్పాలంటే ఇటానియం తలరాతంతా ఆ ప్రశ్నలోనే ఉంది. బాపుకు ఆయన భాషలోనే చెప్పాను. మామూలు ప్రాసెసర్ అంటే షిఫ్టులో ఓవర్‌మన్ లాంటిది. కిందికి దిగాక పరిస్థితి చూసి ఎవరిని ఏ పనికి పంపాలో అక్కడికక్కడే తేల్చుకుంటాడు. ఇటానియం అట్లా కాదు. ఎవరు ఎవరి పక్కన నిలబడి ఏ పని చేయాలో పైన ఆఫీసులోనే చీటీ రాస్తారు. ఆ రాసేవాడి పేరు కంపైలర్. కింద ఆలోచన అక్కర్లేదు, చీటీ ప్రకారం ఒకేసారి అందరూ పని చేసుకుపోవడమే. ఒక్కో చీటీ 128 బిట్లు, అందులో 41 బిట్ల ఆదేశాలు మూడు, ఏవి కలిసి నడవొచ్చో చెప్పే గుర్తుకు మిగిలిన 5 బిట్లు. పనిముట్లకూ లోటు లేదు: మామూలు లెక్కలకు 128 రిజిస్టర్లు, దశాంశాల లెక్కలకు మరో 128.

అంతా విని బాపు ఒక్కటే అడిగిండు. "బొగ్గు టబ్బులు టైముకు రాకుంటే?"

ఇంటెల్, హెచ్‌పీ ఇంజినీర్లు ఏళ్ల తరబడి తలలు పట్టుకున్నది సరిగ్గా దీని దగ్గరే. మెమరీ నుంచి సమాచారం ఎప్పుడొస్తుందో చీటీ రాసేవాడికి ముందుగా తెలియదు. ఒక్క టబ్బు ఆలస్యమైతే వరసంతా ఖాళీగా నిలబడాలి. బాపు అన్నడు: "మరి గదేం పనిరా."

ఆ ఆలోచన పనికిమాలినదని మాత్రం నేననను. దాని వెనక ఉన్న పెద్ద బుర్రల్లో ఒకటి మద్రాసు ఐఐటీలో చదివిన బి.రామకృష్ణ రావుది. తోటివాళ్లు బాబ్ రావ్ అనేవారు. చీటీ ముందే రాసే పద్ధతి మీద సైడ్రోమ్ అనే కంపెనీ పెట్టి నష్టపోయి, 1989లో హెచ్‌పీ ప్రయోగశాలకు చేరాడు. కంప్యూటర్ నిర్మాణంలో అతి పెద్ద గౌరవమైన ఎకర్ట్-మాక్లీ అవార్డు 2002లో వచ్చింది. ఆ ఏడాది డిసెంబర్‌లోనే కన్నుమూశాడు. లెక్కల పనుల్లో, అంటే టబ్బులు ఎప్పుడొస్తాయో ముందే తెలిసే చోట, ఆ పద్ధతి దుమ్ము రేపింది. కల్పనా చావ్లా పేరు మీద 2004లో నాసా ప్రారంభించిన 'కల్పన' 512 ఇటానియం2 ప్రాసెసర్లతో లినక్స్ మీద నడిచింది. అట్లాంటివి ఇరవై కలిపి కట్టిన 'కొలంబియా', ఆ ఏడాది నవంబర్ జాబితాలో ప్రపంచంలో రెండో సూపర్ కంప్యూటర్.

మిగతా కథ తొందరగా చెప్పేస్తాను, మంచి కథేం కాదు. 1994లో ఇంటెల్, హెచ్‌పీ జట్టు కట్టాయి, 2001లో మొదటి చిప్ వచ్చింది, అప్పటికే బాగా ఆలస్యం. టైటానిక్‌ను తలపించేలా దాన్ని 'ఇటానిక్' అని ఎగతాళి చేశారు. 2003 ఏప్రిల్‌లో ఏఎండీ ఆప్టెరాన్ తెచ్చింది. దాని మీద పాత ప్రోగ్రాములు పాతగానే నడుస్తాయి, కొత్తవి 64 బిట్లలో నడుస్తాయి. ఇక చీటీలు తిరగరాయించుకునే అవసరం ఎవరికి? మరుసటి ఏడాది ఇంటెల్ కూడా ఆ దారే పట్టింది. రెడ్‌హ్యాట్ తన ఆరో కూర్పు నుంచి ఇటానియంను వదిలేసింది. డెబియన్ 2015 ఏప్రిల్‌లో, నేను ఎక్కించిన ఏడాది తిరక్కుండానే వదిలేసింది. చివరి చిప్పులు 2021 జూలైలో ఫ్యాక్టరీ దాటాయి.

మరి అమ్ముడుపోని ఇనుముకు నివాళి ఎందుకంటే, ఒక సంగతి చెప్పాలి. నా దుకాణం బిల్లుల కోసం సీ భాషలో ఓ చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. మామూలు మెషిన్ల మీద మూడేళ్లుగా చక్కగా నడుస్తోంది. దాన్ని దీని మీద కంపైల్ చేసి నడిపితే బిల్లు వచ్చింది, దాంతోపాటు కెర్నల్ నుంచి చీవాట్లూ వచ్చాయి, 'అన్‌అలైన్డ్ యాక్సెస్' అని లైను మీద లైను. ఎనిమిది బైట్ల అంకెను మెమరీలో ఎనిమిదితో భాగించబడే చోట పెట్టాలి. నేను ఇష్టమొచ్చిన చోట ఇరికించాను. మామూలు ప్రాసెసర్లు ఆ తప్పును నోరు మూసుకుని సర్దుకుంటాయి. ఇది సర్దుకోలేదు, ఏ ప్రోగ్రాం, ఏ చిరునామా, ఏ చోట అని పేరుపెట్టి చెప్పింది. అప్పటిదాకా నాకు ప్రోగ్రాం రాయడం వచ్చనుకునేవాణ్ని.

ఇలాంటి చాదస్తపు మెషిన్లు ఉండబట్టే లినక్స్ లోపలి తప్పులు ఎన్నో బయటపడ్డాయి. ఒకే రకం ఇనుము మీద నడిచే సాఫ్ట్‌వేర్ ఆ ఇనుము అలవాట్లనే సత్యాలనుకుంటుంది. ఆల్ఫా, స్పార్క్, ఇటానియం ప్రాసెసర్లు ఒక్కోటీ ఒక్కో రకంగా దాని చెవి మెలిపెట్టాయి. మెషిన్లు అందరి దగ్గరా ఒక్కలాగే ఉంటే చాలనేవాళ్ల మాట నాకు అందుకే ఎక్కదు.

2024 జనవరిలో, కెర్నల్ నుంచి దాన్ని తీసేసిన వార్త చదివి బాపుకు చెప్పాను. "అయితే ఆ బాయి గూడ మూసిండ్రా?" అన్నడు. బెల్లంపల్లిలో బాయిలు ఒక్కొక్కటే మూతపడటం చూసిన మనిషి. మూసేముందు పనికొచ్చే సామానంతా పైకి తెస్తరు, ఆఖరికి మోటార్లు కూడా పీక్కొస్తరు, అప్పుడే నీళ్లు నిండనిస్తరు అని చెప్పిండు.

ఇటానియం విషయంలోనూ అదే జరిగింది. ఈఎఫ్ఐ దాని కోసం మొదలైన పనే, ఇప్పుడు యూఈఎఫ్ఐ అయి మీ ల్యాప్‌టాప్‌ను లేపుతోంది. డిస్కును జీపీటీ పద్ధతిలో భాగాలు చేయడమూ దానితోపాటే వచ్చింది. ఇంకొకటి వింటే నవ్వొస్తుంది. ఇవాళ లినక్స్ మీద కంపైలయ్యే సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాములు లోపల పేర్లు ఎలా రాసుకోవాలో చెప్పే ఒప్పందం పేరు 'ఇటానియం ఏబీఐ'. ఇటానియం ముఖం కూడా చూడని కోట్ల మెషిన్లు రోజూ ఆ పేరు మీదే నడుస్తున్నాయి.

కెర్నల్ నుంచి తీసేయడం అన్యాయమని నేననను. 2021లోనే లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని దిక్కులేనిదిగా గుర్తించి, పోయిందని ఒక్క మాటలో తేల్చేశాడు. చూసుకునే మనిషి లేని కోడ్‌ను ప్రతి మార్పుకూ మోసుకు తిరగడం మిగతావాళ్లకు బరువే. కొందరు అభిమానులు అడ్డుపడితే, బయట ఒక ఏడాది నిలబెట్టి చూపించండి, అప్పుడు మాట్లాడదాం అన్నాడు. వాళ్లు బయట నడుపుతూనే ఉన్నారు. హెచ్‌పీ సొంత వ్యవస్థ హెచ్‌పీ-యూఎక్స్‌కు కూడా 2025 డిసెంబర్ 31తో మద్దతు గడువు ముగిసింది.

మాది ఇంకా మంచం కింద ఉంది. చలికాలంలో ఒకసారి వెలిగిస్తాను. ఇంట్లోవాళ్లు గొణుక్కుంటారు, బాపు మాత్రం ఆ చప్పుడుకు హాయిగా నిద్రపోతడు. 9600 వేగంతో అక్షరాలు వస్తాయి, కెర్నల్ 3.2, మెషిన్ పేరు అడిగితే 'ఐఏ64' అంటుంది.

మీ ఆఫీసు స్టోర్ రూంలో, ఇంటెగ్రిటీ అని పేరున్న బల్లపరుపు పెట్టె ఏదైనా దుమ్ము కొట్టుకుని ఉంటే తూకానికి వేయకండి. సీరియల్ తీగ కూడా దానితోనే కట్టి ఉంచండి. మంచిర్యాల దాకా పంపితే బండి ఖర్చు నేను పెట్టుకుంటాను.