డేనియల్ ఓకానెల్: బానిసత్వాన్ని సహించని ఐరిష్ నాయకుడు

1834లో భారతీయ కూలీలు మారిషస్ చెరకు తోటలకు పెద్దయెత్తున వెళ్ళసాగారు. బానిసత్వ రద్దు చట్టం వలన పనివారు కరవవుతారని తోటల యజమానులు భయపడటమే అందుకు కారణం. కావున మన పూర్వుల ప్రయాణకథకు ముందు ఆ చట్టం ఉన్నది. దాని కొరకు పాటుపడినవారిలో ఐర్లండ్ దేశస్థుడు డేనియల్ ఓకానెల్ ఒకరు.

ఆయన 1775లో కెర్రీ ప్రాంతంలో జన్మించారు. ఫ్రాన్సులో చదివి, న్యాయవాది అయ్యారు. ఆనాడు కాథలిక్కులకు పార్లమెంటులో ప్రవేశం లేదు. 1823లో ఆయన కాథలిక్ సంఘాన్ని స్థాపించి, నెలకొక పెన్నీ చందాతో బీదలను సైతం అందులో చేర్చుకున్నారు. 1828లో క్లేర్ ఎన్నికలో గెలిచారు. మరుసటి యేడే కాథలిక్కులకు ఆ హక్కు లభించింది.

పార్లమెంటులో ఆయనకు సొంత పక్షం ఏర్పడింది. పక్షమున్నవానికి ఓట్లు కావాలి, ధనం కావాలి. బానిసల తోటలున్న సభ్యులు, ఆయన ఆ విషయమై మౌనం వహిస్తే ఐర్లండుకు తోడ్పడతామన్నారని, ఆయన అంగీకరించలేదని చెబుతారు. రద్దు చట్టం 1833లో వచ్చింది. అయితే స్వేచ్ఛ పొందినవారిని అప్రెంటిస్‌షిప్ పేరిట పాత యజమానుల వద్దనే పనిచేయించే పద్ధతిని ఆయన వ్యతిరేకించారు.

అసలు పరీక్ష తరువాత వచ్చింది. బ్రిటన్‌తో ఐర్లండ్ కలయికను రద్దు చేయించుటకు 1840లో ఆయన రిపీల్ సంఘాన్ని స్థాపించారు. అమెరికాలోని ఐరిష్‌వారు దానికి ధనం పంపేవారు. అదే యేడు అమెరికాలో బానిసత్వ వ్యతిరేకులు కొందరు లిబర్టీ పార్టీ పెట్టి ఎన్నికల బరిలో దిగారు. ఇతరులు రాజకీయాలు తమ ఆశయాన్ని మలినం చేస్తాయని దూరంగా నిలిచారు. ఓకానెల్ రెండు బాధ్యతలనూ ఒకేసారి మోశారు. 1841లో అరవైవేల మంది ఐరిష్‌వారి సంతకాలతో ఒక విన్నపం సిద్ధమైంది. అమెరికాలోని ఐరిష్‌వారు నల్లజాతివారి పక్షాన నిలవాలని అందులో కోరారు. ఆయన కూడా సంతకం చేశారు. ఆ మాట అక్కడ చాలామందికి రుచించలేదు. 1843లో ఆయన మరింత తీవ్రంగా ఖండించగా, దక్షిణ రాష్ట్రాలలోని కొన్ని రిపీల్ సంఘాలు మూతపడ్డాయి. స్వదేశంలోని యువ నాయకులు కొందరు, పరదేశపు బానిసత్వం మన ఉద్యమానికెందుకని అడిగారు. ఆయన తగ్గలేదు. ధనం పోయినా మాట మార్చని ఈ మొండితనమే మాకు ఆయనలో అన్నిటికంటె మిన్నగా తోస్తుంది.

1845లో, బానిసత్వం నుండి తప్పించుకొని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ డబ్లిన్‌లో ఆయన ప్రసంగం విన్నారు. అప్పటికే ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు సోకుచున్నది. కరవు ముదిరిన 1847లో రోముకు పోవుచు ఓకానెల్ జెనోవాలో మరణించారు. హృదయం రోముకు చేరింది. దేహం డబ్లిన్‌లోని గ్లాస్నెవిన్ శ్మశానంలో ఉన్నది.