పావ్లోవు పండితుడు

ఇవాన్ పావ్లోవు 1849వ సంవత్సరమున రష్యాదేశమందలి ర్యాజాను పట్టణమున నొక సంఘగురువునకు జన్మించెను. వేదాంత విద్యాలయమును వీడి శరీరశాస్త్రము నభ్యసించి, జీర్ణక్రియా పరిశోధనలకై 1904లో నోబెలు బహుమానము నందెను.

పిమ్మట నాయన కుక్కల స్వభావములను పరిశీలించుచు, వానికి మెదడును శాంతపరచు బ్రోమైడును, కాఫీ తేనీళ్లలో నుండి యుత్తేజము గలిగించు కెఫీనును ఇచ్చి చూచెను. దృఢస్వభావము గల కుక్కకు మేలొనర్చిన బ్రోమైడు మోతాదే దుర్బలస్వభావము గలదానిని చెరచెను. దానికి మిక్కిలి స్వల్పభాగమే చాలెను. కావున ఔషధపు కొలతకు ముందు స్వభావము నెరుగవలెనని యాయన బోధించి, 1936లో మృతినొందెను.

తుంగతుర్తి విద్యార్థులారా! తోడివాడు తేనీరు త్రాగి రేయెల్ల చదివెనని, పరీక్షలవేళ మీరును అట్లే చేయబూనకుడు. వానిని మేలుకొలిపినదే మిమ్ము కలవరపెట్టవచ్చును. తలిదండ్రులును బిడ్డల స్వభావము నెరిగి, వేళకు నిద్రపుచ్చవలెనని మేము కోరుచున్నాము.