కాటన్ దొరగారి కార్యదక్షత

సర్ ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండులో జన్మించిరి. కావేరి మీద పనిచేయుచు, ఇసుక పునాదిపై నిలిచిన కల్లణైని శ్రద్ధగా పరిశీలించిరి. ఆ అనుభవముతో 1847లో ధవళేశ్వరము ఆనకట్ట ఆరంభించిరి. అడిగినంతమంది ఇంజనీర్లుగాని, తాపీమేస్త్రీలుగాని దొరకలేదు. అయినను గోదావరి లంకలను ఆసరా చేసికొని ఆనకట్టను నాలుగు భాగములు చేసిరి. ప్రక్కకొండ రాతిని పట్టాలమీద తోలించిరి. 1848లో జబ్బుచేసి ఆస్ట్రేలియా వెళ్లగా, కెప్టెన్ ఆర్ పని ఆగనీయలేదు. 1852లో ఆనకట్ట ముగిసినది. కరవుల సీమ వరిచేలతో నిండినది. దొరగారు 1899లో గతించిరి. నేటి బ్యారేజి వారి పేరనే ఉన్నది.

పెద్ద లేనినాడును పని నడచునట్లు చేయుటయే అసలైన పెద్దరికము. పొరుగునాట సంఘములు నడుపుకొనుచున్న మనము ఈ ఉగాదినాడు తలపోయవలసినది ఇదియే.