పిడికెడు బియ్యం అడిగిన బిషప్

డోర్నకల్ అంటే చాలామందికి రైల్వే జంక్షనే. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో అక్కడ పనికి దిగేనాటికి అది నిజాం ఏలుబడిలోని చిన్న ఊరు. ఆయనది తిరునెల్వేలి ప్రాంతం, మాతృభాష తమిళం. వైఎంసీఏలో ఉద్యోగం వదిలి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు.

ఆయన సంఘస్తుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. తెల్లారితే ఆసామి పొలం, పొద్దుగూకితే ఒళ్లు నొప్పులు. ఇక దేవుడికి తీరికెక్కడిది? తీరిక దొరికాక భక్తి అంటే అది ఎప్పటికీ కుదరదని అజరయ్య లెక్క. అందుకే భక్తిని పొయ్యి దగ్గరికే తీసుకెళ్లారు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు పిడికెడు సంఘం కోసం తీసిపెట్టాలి. పూట గడవనివాళ్లను అడగడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది, నిజమే. కానీ ఊళ్లో ఎప్పుడూ చేయి చాచాల్సి వచ్చిన మనుషులు ఇచ్చేవాళ్లయ్యారు. ఆ తేడా చిన్నది కాదు. కానుకల మీద ఆయన ఏకంగా పుస్తకమే రాశారు. కొత్తగా బాప్తిస్మం పొందినవారు తలపై చేయి ఉంచుకుని, సువార్త చెప్పడం తమ బాధ్యతేనని ఒప్పుకోవాలి. ఆ పని పాదిరికి వదిలేస్తే కుదరదు.

డోర్నకల్ కెథెడ్రల్ కట్టడానికి ఏళ్లు పట్టింది. గుమ్మటాలు, మినార్లు, గుడి స్తంభాలు కలిసిన ఆ కట్టడాన్ని 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. 1945 జనవరి 1న అజరయ్య ఆ ఊళ్లోనే కన్నుమూశారు.